నాలుగు మెట్ల రూలు

మా దేశంలో మొగుడూ పెళ్లాలు సుఖంలో ఒకే మెట్టు మీద ఉంటారని ఒక ఏడాది పేపర్లన్నీ రాశాయి. మిగతా దేశాల్లో మగవాళ్ల అంకె ఒకచోట, ఆడవాళ్ల అంకె ఒకచోట ఉంటే, మా దగ్గర రెండూ దాదాపు అతుక్కుని వచ్చాయట. మంత్రిగారు సభలో లేచి ఇది మన కుటుంబాల గొప్పతనం అన్నారు. ఎదుటి పక్షం వాళ్లు కాదు, మీ లెక్కల గొప్పతనం అని అరిచారు. బయటి దేశం నుంచి ఒక ప్రొఫెసర్ దిగి, పదిహేను రోజులు మా ఆఫీసులో కూర్చుని, ఈ వింతకి కారణం ఏమిటా అని నోటు పుస్తకాలు నింపుకుని వెళ్లాడు. ఆ కారణం ఆయనకి రెండు బల్లల అవతల కూర్చుని టీ తాగుతోంది. అది నేనే.

నేను గణాంకాల ఆఫీసులో స్క్రూటినీ బల్ల మీద ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. వీధుల్లో తిరిగి జనాన్ని ప్రశ్నలడిగేవాళ్లు వేరు. వాళ్లని ఫీల్డ్ వాళ్లు అనేవాళ్లం. వాళ్లు నింపుకొచ్చిన ఫారాల్లో తప్పులు పట్టడం నా పని. నేను పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ని. లెక్క తప్పితే మా పంతులు చెవి మెలిపెట్టేవాడు గాని, ఎందుకు తప్పావురా అని అడిగేవాడు కాదు. నేనూ అదే పద్ధతిలో పనిచేశాను. ఫీల్డ్ వాళ్లకి నేనంటే హడలు. అది నాకు నచ్చేది.

ఆ సర్వే పేరు ఫైళ్లలో బారెడు ఉండేది. మేం సుఖం సర్వే అనేవాళ్లం. ఒక అట్టముక్క మీద పది మెట్ల నిచ్చెన బొమ్మ ఉంటుంది. ఫీల్డ్ మనిషి ఇంటికి వెళ్లి ఆ అట్ట చేతికిచ్చి అడగాలి. పై మెట్టు మీరు కోరుకున్న బతుకు. కింది మెట్టు పగవాడికి కూడా వద్దనుకునే బతుకు. ఇవాళ మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు? అంతే ప్రశ్న. మొగుణ్ని విడిగా, పెళ్లాన్ని విడిగా అడగాలి. చెప్పిన అంకె చుట్టూ సున్నా చుట్టి రావాలి.

ఇంత చిన్న ప్రశ్నకి జనం చేసే చిత్రాలు అన్నీ ఇన్నీ కావు. ఫీల్డ్ వాళ్లలో ఒకావిడ ఉండేది. వానైనా ఎండైనా చంకలో నల్ల గొడుగు ఉండేది కాబట్టి ఆఫీసంతా గొడుగావిడ అనేది. టీ వేళ ఆవిడ చెప్పేది: "అయిదంటారు, ఏడంటారు గాని, ఆరు అనేవాళ్లు ఎవరూ లేరు సార్. ఆరో మెట్టు విరిగిపోయిందేమో." మబ్బు పట్టిన రోజు జనం అర మెట్టు దిగుతారు. మన జట్టు మ్యాచ్ గెలిచిన మర్నాడు ఒక మెట్టు ఎక్కుతారు, రెండు రోజుల్లో దిగిపోతారు. నిలబడి చెప్పేవాడికంటే కూర్చుని చెప్పేవాడు సుఖంగా ఉంటాడు. అత్తగారు పక్కనుంటే కోడలు తొమ్మిది అంటుంది. పెద్ద మేడ ఆయన ఒకడు "పక్కింటాయన ఎంత చెప్పాడు?" అని అడిగి, గొడుగావిడ చెప్పనంటే, "ఎంతైనా కానీ, వాడికంటే ఒకటి ఎక్కువ వేసుకో" అన్నాడట. ఇక ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు చూడాలి. గెలిచిన పార్టీ వాళ్లంతా తెల్లారేసరికి రెండు మెట్లు పైకి, ఓడినవాళ్లంతా రెండు మెట్లు కిందికి. ఇంట్లో అదే కుండ, అదే మంచం. ఏమీ మారి ఉండదు.

ఈ సర్వేలో దొంగ ఫారాలు ఎక్కువ. ఎండలో తిరగడానికి బద్ధకమేసి, ఇంట్లో కూర్చుని నలభై ఇళ్లకి అంకెలు వేసుకొచ్చేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లని ఎలా పట్టాలని పెద్దాఫీసరు మీటింగు పెట్టారు. అందరూ బుర్రలు గోక్కుంటున్నారు. నేను లేచాను.

"ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే జీతం. అలాంటప్పుడు మొగుడు తొమ్మిదో మెట్టు మీద, పెళ్లాం రెండో మెట్టు మీద ఎలా ఉంటారండీ? ఒక ఇంట్లో రెండు బతుకులుండవు. నాలుగు మెట్లు మించి తేడా వస్తే ఆ ఫారం తప్పు. వెనక్కి పంపి మళ్లీ అడిగిద్దాం."

పెద్దాఫీసరు బల్ల మీద చెయ్యి వేసి, "ఇదీ పనంటే," అన్నారు. మర్నాటి నుంచి అది రూలు. 'పొంతన లేదు' అని ఒక రబ్బరు ముద్ర చేయించారు. తేడా కనపడితే ఎర్ర ఇంకుతో తక్కువ ఉన్న అంకె కొట్టేసి, ముద్ర వేసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టి ఫీల్డుకి తోసేసేవాణ్ని. వాళ్లు తిట్టుకుంటూ మళ్లీ ఆ ఇంటికి వెళ్లేవాళ్లు. మళ్లీ అడిగితే నూటికి తొంభైమంది ఆడవాళ్లు మొగుడి అంకె దగ్గరికి ఎక్కేవాళ్లు. పెళ్లాం అంకె దగ్గరికి దిగిన మొగుడు ఒక్కడు కూడా నాకు గుర్తు లేడు.

అలా రెండు అంకెలూ అతుక్కున్నాయి.

రిటైరయ్యాక ఒకరోజు పళ్లు తోముకుంటుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఇంట్లో కూర్చుని దొంగ అంకెలు వేసేవాడు తొమ్మిదీ రెండూ ఎందుకు వేస్తాడు? ఏడూ ఏడూ వేస్తాడు. ఏడూ ఆరూ వేస్తాడు. దొంగ ఫారాలన్నీ నా బల్ల మీద నుంచి దర్జాగా దాటి వెళ్లాయి. నేను వెనక్కి పంపినవన్నీ నిజం ఫారాలే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పటికి పెన్షన్ వస్తోంది.

మా ఆవిడ పోయిన ఏడాది పోయింది. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. మొదట్లో చూసిన డాక్టరు కడుపులో గ్యాస్ అన్నాడు. వాడి మొహం నేను మర్చిపోను. వాడు చెప్పింది విని, రెండు నెలలు "అది గ్యాసే, ఊరికే కంగారు పడకు" అన్నది నేను. అదీ మర్చిపోను.

మూడు నెలల తర్వాత మా అమ్మాయి వచ్చింది, వాళ్లమ్మ బీరువా ఖాళీ చేయడానికి. అమ్మాయి కళ్లజోళ్ల షాపులో అద్దాలు అమరుస్తుంది. చేతులు నిదానం, నోరు కాదు. ఆ పోలిక నాది. మంచం మీద బట్టలు మడతపెట్టి దొంతర పేరుస్తోంది. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

"సగం బట్టలు మడత విప్పనే లేదు నాన్నా," అంది.

"మరి? మీ అమ్మకి దేనికీ లోటు చెయ్యలేదు నేను."

అమ్మాయి చేతులు ఆగాయి. "కట్టుకుని వెళ్లడానికి ఒక చోటంటూ ఉంటేగా విప్పడానికి."

"వెళ్లొద్దని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వు గుమ్మంలో కూర్చుని గడియారం చూసేవాడివి, అంతే. అమ్మ నీ దగ్గర సుఖపడలేదు నాన్నా. నీకు తెలీకపోతే ఇప్పుడైనా తెలుసుకో."

"అలా అని మీ అమ్మ నీకు చెప్పిందా?"

"చెప్పే నోరు ఎక్కడ ఉంచావు?"

"చెప్పలేదు కదా. అంటే నీ ఊహ. ఊహలు నా దగ్గర చెల్లవు."

"ఇది నీ ఆఫీసు కాదు. ముద్ర వేసి వెనక్కి పంపడానికి నేను ఫారాన్నీ కాదు."

నాకు ఒళ్లు మండింది. అప్పుడే అన్నాను. "మీ అమ్మని ఒకసారి అడిగారు, తెలుసా? గవర్నమెంటు మనిషి ఇంటికొచ్చి, వంటింట్లో, నేను పక్కన లేకుండా అడిగింది. మీ అమ్మ తన నోటితో అంకె చెప్పింది. ఆ అంకె ఇప్పటికీ ఆఫీసులో ఉంది. తెచ్చి నీ మొహాన పెడతాను. అప్పుడు ఈ మాట వెనక్కి తీసుకుంటావా?"

అమ్మాయి నన్ను కాసేపు చూసింది. "తే. ఐదుకి పైనుంటే తీసుకుంటాను. నీ కాళ్ల మీద పడమన్నా పడతాను. కిందుంటే?"

"ఉండదు."

"ఉంటే నాన్నా?"

"ఉంటే ఒప్పుకుంటాను."

"నోటితో? ముక్కుతో గొణగడం కాదు."

"నోటితోనే."

"సరే. ఆ అంకె తెచ్చిందాకా నేను ఈ ఇంటికి రాను." దొంతరలు సంచుల్లో కుక్కుకుని వెళ్లిపోయింది. అన్నంత పనీ చేసింది. ఫోన్ కూడా చెయ్యలేదు.

ఆ అడిగింది పదకొండేళ్ల కిందటి మాట. సుఖం సర్వేకి ఇళ్లని చీటీ తీసినట్టు తీస్తారు. ఆఫీసు వాళ్ల ఇల్లని వదిలిపెట్టరు. ఆ విడతలో మా ఇల్లు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున గొడుగావిడ గొడుగుతో సహా గుమ్మంలో నిలబడి నవ్వింది. "మిమ్మల్నే అడగాల్సొచ్చింది సార్, తప్పట్లేదు." నేను ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాను. అట్ట వంక కూడా చూడకుండా, "ఎనిమిది వేసుకో. మా ఇంట్లో ఏం రోగం?" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. పావుగంటకి బయటికొచ్చి, సార్ వస్తానని వెళ్లిపోయింది.

మా ఆవిణ్ని అడిగాను. "ఏం చెప్పావేంటి?"

"ఏదో చెప్పాన్లెండి," అంది.

నేను పేపరు తిప్పాను. అంతే. ఇంకోసారి అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. ఎనిమిదో, తొమ్మిదో అనే ఉంటుందని నా నమ్మకం. అదే నమ్మకంతో ఆఫీసుకి బయల్దేరాను.

ఆఫీసు గుర్తు పట్టలేనట్టు మారింది. గేటు దగ్గర కాపలా మనిషి నా పేరు రాయమని పుస్తకం తోశాడు. ఇరవై తొమ్మిదేళ్లు నేను నడిచిన వరండాలో నాకు అతిథి అని రాసిన బిళ్ల మెళ్లో వేశారు. లోపల ఫారాలు లేవు. ఫీల్డ్ వాళ్లకి పలక లాంటి ఫోన్లు ఇచ్చారట. మొగుడికీ పెళ్లానికీ తేడా వస్తే ఆ పలకే అక్కడికక్కడే టింగుమని మోగి, మళ్లీ అడుగు అంటుందట. నా రూలు ఇంకా బతికే ఉంది. ఇప్పుడు దానికి నేను కూడా అక్కర్లేదు.

నా బల్ల దగ్గర గొడుగావిడ కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. గొడుగు కిటికీ ఊచకి వేలాడుతోంది. నన్ను చూసి లేచింది గాని, నవ్వలేదు.

"కూర్చోండి సార్. మేడమ్ సంగతి తెలిసింది. రాలేకపోయాను."

"ఫర్లేదమ్మా. ఒక పని మీద వచ్చాను." సంగతి చెప్పాను. అమ్మాయి అన్న మాట, నేనన్న మాట, పందెం. ఆవిడ వింటూ పేపర్‌వెయిట్ తిప్పుతూ ఉంది.

"చూపించకూడదు సార్. ఎవరి జవాబూ ఎవరికీ చూపించకూడదని నాకు నేర్పింది మీరే."

"చచ్చిపోయిన మనిషి. ఎవరికి నష్టం?"

"బతికున్న మనిషికి."

"తిప్పి మాట్లాడకు. నా ఇల్లు, నా భార్య. ఒక్క అంకె. చూసి వెళ్లిపోతాను."

"వద్దు సార్."

"ఎందుకొద్దు?"

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. నేను అబద్ధమాడుతున్నానేమో అని చూసినట్టు ఉంది ఆ చూపు. "మీకు తెలీదా?" అంది.

"తెలిస్తే ఇంత దూరం వచ్చి నిన్నెందుకు బతిమాలతాను?"

ఆవిడ లేచి వెళ్లింది. పాత ఫారాలన్నీ ఫొటోలు తీశాక గుజ్జు చేయడానికి పంపుతున్నారట. మా విడతవి ఇంకా మిగిలున్నాయి. అరగంటకి దుమ్ము కొట్టుకున్న కట్ట ఒకటి తెచ్చి, తాడు విప్పి, మధ్యలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది.

అది లోపలి కాగితం. పేరూ అడ్రసూ ఉన్న పైకాగితం చింపి వేరే గదిలో పెట్టేవాళ్లు, స్క్రూటినీ వాడికి ఎవరి ఇల్లో తెలియకూడదని. దీని మీద బ్లాకు నంబరు, ఇంటి నంబరు, రెండు వరసల అంకెలు మాత్రమే ఉన్నాయి. పై వరసలో ఎనిమిదికి సున్నా చుట్టి ఉంది. అది నేను. కింది వరసలో రెండు సున్నాలున్నాయి. ఒకటి మూడు చుట్టూ. దాన్ని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు. పక్కన 'పొంతన లేదు' ముద్ర. ముద్ర పక్కన నా పొట్టి సంతకం. రెండో సున్నా ఎనిమిది చుట్టూ, నీలం ఇంకుతో.

సంతకం చాలాసేపు చూశాను. తోక దగ్గర ఎప్పటిలాగే పైకి ఎగిరింది. తొందరలో పెట్టింది కూడా కాదు. శుభ్రంగా ఉంది.

"ఇది మా ఇల్లని నాకు తెలీదు," అన్నాను.

"అలాగా," అంది గొడుగావిడ.

"ప్రమాణంగా తెలీదు. రోజుకి నాలుగొందల ఫారాలు చూసేవాణ్ని. అంకెలు తప్ప ఏం చూస్తాను? ఎంతమంది మొగుళ్లు ఎనిమిది చెప్పరు?"

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నేనైతే మీరు తెలిసే పంపారనుకున్నాను సార్. పదకొండేళ్లుగా అలాగే అనుకుంటున్నాను. అప్పట్నుంచీ మీ బల్ల దగ్గరికొచ్చి టీ తాగడం మానేశాను. మీరు గమనించలేదేమో."

గమనించలేదు.

"మొదటిసారి వెళ్లినప్పుడు మేడమ్ వంటింటి తలుపు దగ్గరగా వేశారు," అని చెప్పుకొచ్చింది. "స్టవ్ మీద కూర ఉంటే దించేశారు. అట్ట చేతిలోకి తీసుకుని, 'నన్ను కూడా అడుగుతారా అమ్మా? ఆయన చెప్తే సరిపోదా?' అన్నారు. సరిపోదండీ, మీది మీరే చెప్పాలి అన్నాను. ఎంత సంతోషపడ్డారో సార్. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నారు. కింది మెట్టు నుంచి ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టుకుంటూ పైకెళ్లారు. మళ్లీ దిగారు. 'రెండంటే పాపం. ఆయన తాగరు, కొట్టరు. నాలుగంటే అబద్ధం. మూడు వేసుకో,' అన్నారు. నేను పెన్సిల్ తీస్తే, 'పెన్సిల్ వద్దమ్మా, ఇంకుతో రాయి,' అన్నారు."

నేను కాగితం మీద కొట్టేసిన ఆ మూడునే చూస్తున్నాను.

"ఎనిమిది రోజులకి ఫారం వెనక్కొచ్చింది. మీ ముద్రతో. మళ్లీ వెళ్లాను. మీరు ఆఫీసులో ఉన్న వేళ చూసుకునే వెళ్లాను. ఈసారి మేడమ్ గుమ్మంలోనే నిలబడ్డారు. 'మళ్లీ ఏంటమ్మా?' అన్నారు. మీరు చెప్పింది తప్పంటున్నారండీ ఆఫీసులో, ఇంకోసారి చెప్పాలి అన్నాను. 'తప్పా? ఎవరన్నారు?' నేను నోరు జారాను సార్. నవ్వుతారనుకున్నాను. ఇంకెవరండీ, మీవారే అన్నాను."

"నవ్విందా?"

"కాగితం ఇటివ్వమని తీసుకుని, వెలుతురులోకి పట్టుకుని సంతకం చూశారు. 'ఆయనదే,' అన్నారు. తర్వాత, 'ఆయన ఎంత చెప్పారు?' అని అడిగారు. చెప్పకూడదు గాని చెప్పాను. 'అయితే అదే వేసుకో అమ్మా. లేకపోతే నిన్ను ఇంకోసారి తిప్పుతారు, ఈ ఎండలో,' అన్నారు. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చారు."

"నాకో మాట చెప్పొచ్చుగా నువ్వు?"

"ఏమని చెప్పను? మీ భార్య మూడు చెప్పింది, మీరు కొట్టేశారు అనా? కొట్టేసింది మీరే కదా సార్."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అయినా క్షమించను. ఒక్క మాట, పదకొండేళ్లలో ఎప్పుడైనా, వరండాలో నడుస్తూ అన్నా చాలేది. కాగితం తిప్పి ఆవిడ వైపు జరిపాను. కట్టలో పెట్టి తాడు కట్టేసింది. అతిథి బిళ్ల గేటు దగ్గర ఇచ్చి బయటికొచ్చాను.

బస్సులో కూర్చున్నాక పదకొండేళ్ల కిందటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. గొడుగావిడ రెండోసారి వచ్చి వెళ్లిన రోజే అయ్యుంటుంది. ఇంకే రోజూ మా ఆవిడ నన్ను ఆఫీసు సంగతి అడగలేదు.

అన్నం పెడుతూ, "ఈమధ్య ఫారాలు బాగా వెనక్కి పంపుతున్నారా?" అంది.

నాకు హుషారొచ్చింది. నా పని గురించి ఇంట్లో ఒకరు అడగడం అదే మొదలు. "ఈ వారం నలభై పంపాను," అన్నాను.

"వాళ్లు మళ్లీ చెప్తారా?"

"చెప్పక ఏం చేస్తారు?"

"మొదట చెప్పిందే మళ్లీ చెప్తే?"

"మళ్లీ పంపుతాను. దారికొచ్చేదాకా పంపుతూనే ఉంటాను. నాతోనా?"

తను కూర వడ్డించి, గిన్నె మీద మూత పెట్టి, "అవునులెండి," అంది. నేను తృప్తిగా తిన్నాను. ఆ రాత్రి ఏం కూరో నాకు గుర్తు లేదు గాని, ఆ తృప్తి గుర్తుంది.

ఆ తర్వాత తను పోయేదాకా నేను ఏది అడిగినా మీ ఇష్టం అనేది. ఇల్లు మారదామా అంటే మీ ఇష్టం. అమ్మాయికి ఆ సంబంధం చేద్దామా అంటే మీ ఇష్టం. వయసు పెరిగాక నెమ్మది వచ్చిందనుకున్నాను. పదిమందిలో చెప్పుకున్నాను కూడా, మా ఇంట్లో రెండో మాట ఉండదని. కడుపులో నొప్పి వచ్చినప్పుడు, "ఎంత నొప్పిగా ఉంది?" అని డాక్టరు అడిగితే, తను నా వైపు చూసింది. "పెద్దగా ఏం లేదండీ, కొద్దిగా," అన్నాను నేను. "అంతే," అంది తను. ఆ చూపు ఏమిటో ఆ రోజు అర్థం కాలేదు. ఆ బస్సులో అర్థమైంది. నా అంకె ఎంతో తెలుసుకుని చెబుదామని చూసింది.

తను కూడా అడగొచ్చు. ఇదేంటండీ, ఎందుకు కొట్టేశారు అని ఒక్కసారి నిలదీయొచ్చు. అడిగితే నాకు తెలిసేది. అడగలేదని ఒక రోజంతా తన మీద కోపంగా ఉన్నాను. పోయిన మనిషి మీద కోపం నిలవదు. తిరిగి నా దగ్గరికే వచ్చింది.

రెండు రోజులు ఆగి అమ్మాయికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం, షాపులో జనం తక్కువగా ఉండే వేళ.

"దొరికిందా?" అంది. పలకరింపు లేదు.

"దొరికింది."

"ఎంత?"

ఆఫీసు లెక్కలో ఉన్నది ఎనిమిది. పేపర్లకి ఎక్కింది ఎనిమిది, ప్రొఫెసర్ నోటు పుస్తకంలోకి వెళ్లింది ఎనిమిది. ఎనిమిది అంటే అది అబద్ధం కాదు. ఆఫీసు లెక్క తీసి చూపించమన్నా అక్కడ ఎనిమిదే ఉంటుంది. అమ్మాయి మాట వెనక్కి తీసుకుంటుంది. ఆదివారాలు వస్తుంది.

"మూడు," అన్నాను.

మిషను మీద అద్దం అరగదీస్తున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత అది ఆగింది.

"ఇంకా ఉంది, విను," అని మొత్తం చెప్పాను. ముద్ర, సంతకం, గొడుగావిడ రెండోసారి వెళ్లడం, వాళ్లమ్మ వెలుతురులో కాగితం పట్టుకుని చూడటం, ఎనిమిది వేసుకోమనడం. ఒక్క ముక్క దాచలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి అమ్మాయి ముక్కు ఎగబీలుస్తోంది.

"అంటే అమ్మ... నువ్వు కావాలనే కొట్టేశావనుకుందా? చివరిదాకా?"

"చివరిదాకా."

"అయ్యో. నీకు తెలీదుగా నాన్నా." గొంతు మారింది. చిన్నప్పుడు నా వేలికి ముల్లు గుచ్చుకుంటే ఊదిన గొంతు అది. ఏడాదిగా వినలేదు. "వేల కాగితాల్లో అదొకటి. మన ఇల్లని నువ్వెలా పోల్చుకుంటావు? పాపం అమ్మే పొరబడింది. నువ్వు తెలిసి చేసింది కాదు కదా."

అక్కడ ఆగిపోవచ్చు. అమ్మాయి ఆ రోజే బయల్దేరి వచ్చేది.

"మీ అమ్మ పొరబడలేదు," అన్నాను. "అది మన ఇల్లని తెలిసుంటే ముద్ర వేసేవాణ్ని కాదు. కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేవాణ్ని. మీ అమ్మ ముందు పడేసి, ఇదేం రాత, నీకు నేనేం తక్కువ చేశాను అని అరిచేవాణ్ని. నా ఎదురుగా కూర్చోబెట్టి ఎనిమిది చెప్పించేవాణ్ని. తెలిసినా కొట్టేసేవాణ్నే. నన్ను మీ అమ్మ సరిగ్గానే చదివింది."

అవతల అమ్మాయి షాపుకొచ్చిన ఎవరినో కాస్త ఆగమంది.

"ఒప్పుకుంటానన్నాను కదా," అన్నాను. "మీ అమ్మ నా దగ్గర సుఖపడలేదు."

"సరే నాన్నా," అంది.

మిషను మళ్లీ మొదలైంది. ఇంటికి రావడం సంగతి తను ఎత్తలేదు. నేనూ అడగలేదు.